డెమో క్లాసుకు ముందు ఒక ఉత్తరం

చిక్కడపల్లి,
ఆదివారం పొద్దున.

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు కాల్ సెంటర్ ఉద్యోగం మానేశావని, అమీర్‌పేటలో ఇంగ్లీషు గ్రామర్ చెప్పబోతున్నావని, గురువారం డెమో క్లాసని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. నా తర్వాత మన ఇంట్లో ఇంకొకరు చాక్‌పీసు పడుతున్నారన్న సంతోషం ఒక పక్క, నెల నెలా వచ్చే జీతం వదులుకున్నావన్న గుబులు ఇంకో పక్క. మానేసే ముందు నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయేది? సరే, అయిందేదో అయింది. డెమోకి నీకిచ్చిన పాఠం పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ అని మీ అమ్మ అనగానే లేచి కూర్చున్నాను. ఆ పాఠం దగ్గర నేను చేసిన తప్పు ఒకటుంది. అది నీకు చెప్పకుండా ఉండలేను.

తేలికవి ముందు చెప్పేస్తాను. హాడ్ బీన్, దాని తర్వాత ఐఎన్‌జీ. ఐ అయినా షీ అయినా దే అయినా హాడ్ మారదు. లేదనడానికి హాడ్ పక్కన నాట్ వస్తుంది, ప్రశ్నకు హాడ్ ముందుకొస్తుంది. ఇది ఐదు నిమిషాల పని, దీని మీద అరగంట పెట్టకు. గోరువెచ్చని నీళ్ళు సీసాలో పోసుకుని పో. గొంతు చించుకోకు, నా గొంతు అట్లాగే పాడైంది.

మన పిల్లలకు ఇది ఎక్కడ తిరగబడుతుందో నువ్వు ముందే తెలుసుకోవాలి. “నేను వెళ్ళేసరికి వాడు రెండు గంటల నుంచి ఎదురు చూస్తున్నాడు” అంటాం. జరిగిపోయిన సంగతే అయినా “చూస్తున్నాడు” అనే అంటాం, తెలుగులో అది తప్పు కాదు. కాలం సంగతి “వెళ్ళేసరికి” అన్న మాట చూసుకుంటుంది. అదే పిల్ల ఇంగ్లీషులోకి దిగగానే “హి ఈజ్ వెయిటింగ్ సిన్స్ టూ అవర్స్” అంటుంది. దాన్ని వాజ్ వెయిటింగ్ అని దిద్దితే సగమే దిద్దినట్టు. వాజ్ వెయిటింగ్ అంటే నేను చూసిన క్షణాన వాడు అక్కడున్నాడు, అంతే. హాడ్ బీన్ వెయిటింగ్ అన్నప్పుడే నేను రాకముందు వాడు నిలబడ్డ ఆ రెండు గంటలూ లెక్కలోకి వస్తాయి.

సిన్స్, ఫర్ గొడవ కూడా మన “నుంచి” దగ్గరే పుట్టింది. “రెండు గంటల నుంచి” అంటే గడియారంలో రెండు కొట్టినప్పటి నుంచా, రెండు గంటల సేపా? మనం రెంటికీ అదే మాట వాడతాం. ఇంగ్లీషులో మొదలైన చోటుకు సిన్స్, గడిచిన కొలతకు ఫర్. ఈ “రెండు గంటలు” బోర్డు మీద రాసి పిల్లలనే అడుగు, వాళ్ళే పట్టుకుంటారు.

ఇక నా తప్పు.

1989. మూసీకి అవతల ఒక ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెప్తున్నాను. మరిచిపోలేని రోజు గురించి వ్యాసం రాయమన్నాను. ఒక పిల్ల ఇట్లా రాసింది: “ఐ కేమ్ హోమ్. ద డోర్ వాజ్ ఓపెన్. మై మదర్ హాడ్ బీన్ కుకింగ్. ద రైస్ వాజ్ హాట్.” మూడో వాక్యం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. ఈ టెన్స్ వస్తే పక్కన ఫర్ గానీ సిన్స్ గానీ ఉండి తీరాలని నాకు నేర్పారు, నేనూ అదే నేర్పుతున్నాను. ఆ పిల్లను నిలబెట్టి, మీ అమ్మ ఎప్పటి నుంచి వండుతోంది అని అడిగాను. మాట్లాడలేదు. మళ్ళీ అడిగాను. “తెల్వదు టీచర్” అంది. తెలియకుండా ఎట్లా రాశావని గద్దించాను. క్లాసంతా చూస్తోంది. ఆ పిల్ల కూర్చుని తల వంచుకుని “సిన్స్ సిక్స్ ఓ క్లాక్” అని చేర్చి తెచ్చింది. టిక్కు పెట్టాను. మిగతా వ్యాసం స్పెల్లింగ్ తప్పుల కోసం చూశానే తప్ప చదవలేదు.

ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకానికి వాళ్ళ నాయనమ్మ వచ్చింది. తల్లి ఎందుకు రాలేదన్నాను. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, “అప్పటిదాకా మంచిగనే ఉండె టీచరమ్మా, అన్నం వండుతుండె. పొయ్యి కాడనే పడిపోయింది” అంది. పక్కింటివాళ్ళు ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారట, తిరిగి రాలేదట. ఈ పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. తలుపు తీసి ఉంది, గిన్నెలో అన్నం వేడిగా ఉంది.

నాయనమ్మ అన్న “అప్పటిదాకా వండుతుండె”, పిల్ల రాసిన “హాడ్ బీన్ కుకింగ్” ఒకటే వాక్యం. వండడం చూడలేదు ఆ పిల్ల. వేడి అన్నం చూసి, అంతకుముందు ఏం జరుగుతూ ఉండిందో తెలుసుకుంది. ఈ టెన్స్ చేసే పనుల్లో ఇదొకటి: అప్పటికి ఆగిపోయిన పని, దాని ఆనవాలు మాత్రం కళ్ళ ముందు. దానికి ఫర్ అక్కర్లేదు, సిన్స్ అక్కర్లేదు. నేను ఆ పిల్ల చేత ఆరు గంటలని అబద్ధం రాయించాను. మర్నాడు పిలిచి, నువ్వు మొదట రాసిందే సరైనదని క్లాసు ముందే చెప్పాను. తలూపి నోట్‌బుక్ మూసేసింది. ఎర్ర సిరాను ఏ రబ్బరూ చెరపలేదు బిడ్డా.

అందుకే చెప్తున్నాను, ఫార్ములాతో మొదలుపెట్టకు, “అప్పటిదాకా”తో మొదలుపెట్టు. అది పిల్లల నోట్లో ఉన్న మాటే. రోడ్డంతా తడిసి ఉంది, ఇట్ హాడ్ బీన్ రైనింగ్. అమ్మ చేతులకు పిండి ఉంది, షీ హాడ్ బీన్ మేకింగ్ చపాతీస్. ముందు ఆనవాలు చూపించు, వాక్యం వాళ్ళనే చెప్పనివ్వు.

ఇంకో ఉదాహరణ ఈ ఊరిదే ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. నీళ్ళు తీసేసరికి, దే హాడ్ బీన్ హోల్డింగ్ ద బ్రాంచెస్ ఫర్ మెనీ అవర్స్. ఇక్కడ ఫర్ కావాలి, ఎందుకంటే ఎంతసేపు పట్టుకున్నారన్నదే ఇక్కడి సంగతి. రెండు రకాలూ పక్కపక్కన పెడితే తేడా వాళ్ళకే కనిపిస్తుంది.

ఎవరో ఒకరు నో, అంటే తెలుసు అన్న మాటతో ఈ టెన్స్‌లో వాక్యం అడుగుతారు, తడబడకు. నో, ఓన్, బిలాంగ్ లాంటివి పనులు కావు, స్థితులు. ఐ హాడ్ నోన్ హర్ ఫర్ టెన్ ఇయర్స్ అనాలి, నోయింగ్ రాదు. లెక్క చెప్పేటప్పుడూ ఇది పనికిరాదు: నాలుగు ఉత్తరాలు రాసి ముగించింది అంటే హాడ్ రిటెన్. ద రోడ్ హాడ్ బీన్ రిపేర్డ్ చూసి ఇదీ అదేనా అంటారు, కాదు, అది పాసివ్, రోడ్డు చేసిన పని కాదు, రోడ్డుకు ఎవరో చేసిన పని. నిన్న బ్యాంకుకు పోయానంటే వెంట్ చాలు. హాడ్ గాన్ అని వాడేయడం ఈ ఊళ్ళో చాలామందికి అలవాటు. వెనక్కి చూడడానికి అప్పటిది ఇంకో సంగతి ఉంటేనే హాడ్ కావాలి.

డెమోకి ఇన్‌స్టిట్యూట్ యజమాని కూర్చుంటాడని మీ అమ్మ భయపడుతోంది. ఆయన వైపు చూడకు, చివరి బెంచీ వైపు చూడు. పొద్దున టిఫిన్ తినకుండా పోవద్దు, పరీక్షలప్పుడు నువ్వు చేసే పని అదే.

క్లాసు చివర పది నిమిషాలు మిగిల్చి పిల్లల చేత మూడు వాక్యాలు రాయించు. అయిపోగానే ఇంటికి కాదు, ఇక్కడికి రా. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్ దగ్గర మారితే చిక్కడపల్లిలో దిగుతావు. పప్పుచారు పెట్టి ఉంచుతాను. ఆ కాగితాలు దిద్దకుండా తీసుకురా, ఇద్దరం కలిసి చదువుదాం.

నీ
పెద్దమ్మ