సీఏ-125 ఎక్కువొచ్చింది... క్యాన్సరేనా డాక్టరు గారూ?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. నెలసరిలో కడుపునొప్పి భరించలేక స్కానింగ్ చేయించుకుంటే ఎడమ అండాశయంలో 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ ఉందన్నారు. నెలసరి రెండో రోజున రక్తం ఇచ్చాను. సీఏ-125 72 వచ్చింది. 35 లోపు ఉండాలట. మా పెద్దమ్మ అండాశయ క్యాన్సర్‌తో పోయారు. నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నెలసరి రెండో రోజున రక్తం ఇచ్చానని రాసి మంచిపని చేశారమ్మా. రిపోర్టులో లేని ముఖ్యమైన సంగతి అదే.

సీఏ-125 అంటే రక్తంలో కొలిచే ఒక ప్రొటీన్. అది క్యాన్సర్ గడ్డ నుంచి మాత్రమే రాదు. గర్భాశయం లోపలి పొర, ఫెలోపియన్ ట్యూబులు, పేగుల మీద, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పల్చటి పొరలు కూడా దాన్ని తయారుచేస్తాయి. వాటికి వాపు వచ్చినా, రాపిడి కలిగినా రక్తంలో అంకె పెరుగుతుంది. నెలసరి రోజుల్లో మామూలుగానే పెరుగుతుంది. చాక్లెట్ సిస్ట్ అంటే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరగడం), దాని వల్లా పెరుగుతుంది. మీకు రెండూ ఒకేసారి ఉన్నాయి. ఫైబ్రాయిడ్లు, గర్భం తొలి నెలలు, ఈమధ్యే జరిగిన పొట్ట ఆపరేషన్, లివర్ జబ్బు, గుండె బలహీనత కూడా పెంచుతాయి. మన దేశంలో కడుపు టీబీని అసలు మరచిపోకూడదు. పొట్టలో నీరు చేరి, అంకె వందల్లోకి వెళ్లి, ఇంటిల్లిపాదీ క్యాన్సరని ఏడ్చాక బయాప్సీలో టీబీ అని తేలుతుంది. అది మందులతో నయమయ్యే జబ్బు.

35 అనే గీత 1983లో అమెరికాలో రాబర్ట్ బాస్ట్ బృందం ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చింది. 888 మంది ఆరోగ్యవంతుల్లో నూటికి ఒకరికే అది దాటింది. కానీ నెలసరి ఆగిన స్త్రీలలో ఈ అంకె సహజంగానే తగ్గుతుంది. అందుకే ఇదే 72 అరవై ఏళ్లావిడకు వచ్చి, సిస్ట్‌లో గట్టి భాగాలు కనిపిస్తే ఆ వారమే గైనిక్ ఆంకాలజిస్టు దగ్గరికి పంపిస్తాను. మీ విషయంలో ఆ తొందర కనిపించడం లేదు.

అంకె తక్కువొచ్చినా నిశ్చింత కాదు. తొలిదశ అండాశయ క్యాన్సర్లలో దాదాపు సగం మందికి ఇది పెరగదు. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా స్త్రీలతో ఏళ్ల తరబడి చేసిన పరిశీలన ఫలితం 2021లో వచ్చింది. ఏటా ఈ పరీక్ష చేసినా మరణాలు తగ్గలేదు. ఏ లక్షణమూ లేనివాళ్లకు హెల్త్ ప్యాకేజీలో దీన్ని కలిపి అమ్మడం నాకు బాధ కలిగిస్తుంది. ఎందరో మీలాగే నిద్ర పోగొట్టుకుంటున్నారు.

రక్తస్రావం పూర్తిగా ఆగాక ఓ వారానికి, అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి. ల్యాబ్ మారితే కిట్ మారుతుంది, అంకెలను పోల్చలేం. స్కాన్ ఫిల్ములు గైనకాలజిస్టుకు చూపించి, సిస్ట్‌లో గట్టి భాగాలు, పొట్టలో నీరు ఉన్నాయేమో అడగండి. కావాలంటే హెచ్‌ఈ4 అనే ఇలాంటిదే మరో రక్తపరీక్ష చేయిస్తారు. అది ఎండోమెట్రియోసిస్‌లో సాధారణంగా పెరగదు గానీ, కిడ్నీ జబ్బులో పెరుగుతుంది. ఈలోగా పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, మాటిమాటికీ మూత్రం రోజూ ఉంటుంటే ఆగకుండా వెళ్లండి.

పెద్దమ్మ అంటే అమ్మకు అక్కగారా, పెదనాన్న గారి భార్యా? రెండోదైతే మీకు రక్తసంబంధం లేదు కాబట్టి ఆ భయం వదిలేయండి. అమ్మకు అక్క అయితే, అమ్మ వైపు ఇంకెవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిందేమో కనుక్కుని డాక్టరుకు చెప్పండి. జన్యు పరీక్ష అవసరమో కాదో వారు తేలుస్తారు.