తలనొప్పికి ఇంకేం మానేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 34. చాలా ఏళ్లుగా మైగ్రేన్ ఉంది. ఒకవైపు కణత దగ్గర మొదలై కంటి వెనక్కి పాకుతుంది. వాంతి వచ్చేలా ఉంటుంది, వెలుతురు చూడలేను. తిండి వల్లే వస్తుందని ఎక్కడో చదివి మొదట చాక్లెట్ మానేశాను. తర్వాత చీజ్, కాఫీ, నారింజ, అరటిపండు, టమాటా, వేరుశనగ కూడా మానేశాను. బరువు తగ్గాను గానీ తలనొప్పి తగ్గలేదు. కాఫీ మానేసిన వారమైతే మంచం దిగలేకపోయాను. ఆఫీసు టెన్షన్‌లో మధ్యాహ్నం భోజనం తరచూ తప్పిపోతుంది. ఇప్పుడు ఏం నోట్లో పెట్టుకోవాలన్నా భయమే. ఇంట్లోవాళ్లేమో ఇదంతా నా భ్రమ అంటున్నారు. ఇంకా ఏమేం మానేయాలో జాబితా ఇస్తారా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ జాబితా ఇవ్వనమ్మా. ఇప్పటికే మానేసిన వాటిలో చాలావరకు మీరు మళ్లీ తినాలని నా కోరిక. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది చాక్లెట్ కాదు, చీజ్ కాదు. మాటల మధ్యలో చెప్పి వదిలేసిన ఆ మధ్యాహ్న భోజనం.

ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉంటే మైగ్రేన్ లేనివాళ్లకు కూడా తలనొప్పి రావచ్చు. మైగ్రేన్ ఉన్నవాళ్ల మెదడు మార్పులను ఇంకా తక్కువగా ఓర్చుకుంటుంది. ఆకలి, నిద్ర తక్కువ కావడం, నిద్ర ఎక్కువ కావడం, నెలసరి ముందు హార్మోన్లు పడిపోవడం, ఒత్తిడి, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గిపోవడం, అన్నీ దానికి భారమే. నాకూ ఈ జబ్బు ఉంది. క్లినిక్‌లో ఎంత రద్దీ ఉన్నా నా బల్ల సొరుగులో ఏదో ఒకటి తినడానికి ఉంటుంది, దాని వేళ దాటనివ్వను. మీరు ముందు చేయాల్సింది కూడా అదే. మూడు పూటలా వేళకు తినండి, నీళ్లు తాగండి. ఇది కుదిరాక మిగతావి చూద్దాం.

ఇక కాఫీ. రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ (కాఫీలో ఉత్సాహాన్నిచ్చే పదార్థం)కు మించి, అంటే సుమారు రెండు కప్పులకు పైన, కొన్ని వారాలుగా తాగుతున్నవాళ్లు హఠాత్తుగా మానేస్తే 24 గంటల్లోపు తలనొప్పి పట్టుకోవచ్చు. సాధారణంగా వారంలోపు అదే తగ్గుతుంది. మీరు మంచం పట్టిన ఆ వారం బహుశా ఇదే. సెలవు రోజు మాత్రమే తలనొప్పి వస్తోందని వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది, ఆ రోజు ఎన్నింటికి లేచారు, మొదటి కాఫీ ఎన్నింటికి తాగారు అని. చాలామందికి జవాబు అక్కడే దొరుకుతుంది. తాగేవాళ్లు రోజూ ఒకే వేళకు, ఒకే మోతాదులో తాగాలి. మానాలనుకుంటే కొన్ని వారాలపాటు కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. టీలోనూ, కోలాల్లోనూ, కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుందని గుర్తుంచుకోండి.

చాక్లెట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మైగ్రేన్ నొప్పితో మొదలవదు. దానికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి రెండు రోజుల ముందే, ఆవలింతలు, మెడ పట్టేయడం, చిరాకు, తీపి మీదకు మనసు పోవడం మొదలవుతాయి. ఆకలినీ నిద్రనూ నడిపే హైపోథాలమస్ అనే భాగం నొప్పి రాకముందే చురుగ్గా మారడం మెదడు స్కానింగుల్లో కనిపించింది. అంటే చాక్లెట్ తినాలనిపించే సమయానికే లోపల మైగ్రేన్ మొదలైపోయి ఉండవచ్చు. తింటాం, నొప్పి వస్తుంది, నింద చాక్లెట్ మీద పడుతుంది. 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏది ఏదో తెలియకుండా కొందరికి చాక్లెట్, అలాగే ఉండే క్యారబ్ (ఒక చెట్టు కాయల పొడితో చేసేది) ఇచ్చి చూస్తే, తలనొప్పి తెప్పించడంలో క్యారబ్ కన్నా చాక్లెట్ ఎక్కువేమీ చేయలేదు. ఎవరికీ పడదని కాదు. కానీ మీరు దాన్ని మానేయడానికి ముందు ఆవలింతలు వచ్చేవా, మెడ పట్టేసేదా, గుర్తు చేసుకోండి.

బాగా నిల్వచేసి ముదిరిన చీజ్‌లో టైరమిన్ అనే పదార్థం ఉంటుంది. అది మైగ్రేన్ తెస్తుందా అని 1967 నుంచి చర్చ జరుగుతోంది, ఫలితాలు ఒకదానితో ఒకటి కలవలేదు. సాసేజ్, హాట్‌డాగ్ లాంటి నిల్వ మాంసాల్లో పాడవకుండా కలిపే నైట్రైట్లనే లవణాలు కొందరికి తలనొప్పి తెస్తాయి. మద్యం, ముఖ్యంగా రెడ్ వైన్, చాలామందికి పడదు. అది లేకుండా పోయే నష్టమేమీ లేదు కాబట్టి దాని మీద ప్రయోగాలు అనవసరం. పండ్లను మాత్రం, అనుమానం గట్టిపడే దాకా, వదలకండి.

ఒకటే పదార్థం ఒకరోజు హాయిగా అరిగి, ఇంకోరోజు తలనొప్పి తెచ్చిందంటే తప్పు దానిది కాకపోవచ్చు. నిద్ర చాలని రాత్రి, తప్పిన భోజనం, రాబోయే నెలసరి ఒక్కొక్కటీ నీటిబొట్ల లాగా పాత్ర నింపేస్తే, చివరి బొట్టు మాత్రమే మన కంట పడుతుంది. అందుకే డైరీలో తిన్నది ఒక్కటే రాస్తే చాలదు. ఎన్నింటికి తిన్నారు, ఎంత నిద్రపోయారు, నెలసరి తేదీలు, మాత్ర వేసుకున్న రోజులు కూడా రాయండి. రెండు నెలలు చాలు. ఏదైనా పదార్థం తిన్న ప్రతిసారీ కాకపోయినా, ఎక్కువసార్లు, మరుసటి రోజులోపు నొప్పి వస్తుంటే అది ఒక్కటే మూడు, నాలుగు వారాలు ఆపండి. తర్వాత మళ్లీ తిని చూడండి. నొప్పి మళ్లీ రాకపోతే దాన్ని వదిలేయాల్సిన పనిలేదు. ఒకేసారి ఏడు మానేస్తే ఏది కారణమో ఎప్పటికీ తేలదు, ఒళ్లు మాత్రం నీరసించిపోతుంది. గర్భిణులు, పిల్లల విషయంలో ఇలాంటి మానిపింపులు డాక్టర్‌ని అడగకుండా చేయకూడదు.

భ్రమ అన్న మాటను మీ ఇంట్లో ఇక అననివ్వకండి. మైగ్రేన్ మెదడుకు సంబంధించిన జబ్బు. మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటల దాకా మనిషిని పడేస్తుంది. ఈ పేజీ వాళ్లకు చూపించండి.

ఎప్పుడూ లేనంత తీవ్రంగా, క్షణాల్లో పిడుగుపడ్డట్టు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, చెయ్యి కాలు బలం తగ్గడం, మాట తడబడటం, తలకు దెబ్బ తగిలిన తర్వాత వచ్చిన నొప్పి, యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి - వీటిలో ఏది కనిపించినా వెంటనే వైద్యులను చూడాలి.

మాత్రల గురించి మీరేమీ రాయలేదు, అందుకని అడుగుతున్నాను. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్‌లు అనే మైగ్రేన్ మాత్రలు గానీ రెండు మూడు మందులు కలిపిన మాత్రలు గానీ నెలకు 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పిని పెంచవచ్చు. మీ లెక్క దాని దగ్గరికి వస్తుంటే, ఆహారం సంగతి పక్కన పెట్టి న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. నొప్పి రాకుండా రోజూ వేసుకునే నివారణ మందులు ఉన్నాయి, అవి మీకు సరిపడతాయేమో ఆయన చూస్తారు. డైరీ వెంట తీసుకెళ్లండి.