అమ్మలూ, 70కి చిల్లర కుదరదు

సత్యనారాయణపురం,
విజయవాడ

చిరంజీవి అమ్మలుకి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న ఫోన్లో నీ టెన్షన్ అంతా విన్నాను. డిసెంబరు 22న, రామానుజన్ పుట్టినరోజున, మీ బళ్ళో ఏదో ఒక సంఖ్య గురించి పది నిమిషాలు మాట్లాడాలి, 1729 మీద నాలుగు పాయింట్లు చెప్పు తాతయ్యా అన్నావు. చెప్పను. నీకంటే ముందు లేచేవాళ్ళందరూ, రామానుజన్‌ని చూడ్డానికి హార్డీ దొర ఎక్కొచ్చిన టాక్సీ నంబరు 1729 అనే ఆ కథే చెబుతారు. నువ్వు 70 తీసుకో. వచ్చే మాఘంలో నాకు 70 నిండుతాయి, భీమరథ శాంతి చేయించాలని మీ అమ్మ ఒకటే పట్టు. ఆ సంబరం సంగతి ఎలా ఉన్నా, ఈ సంఖ్యతో మాత్రం నాకు పాత స్నేహం.

ముందు ఫోన్ పక్కన పెట్టు. అందులో వెతికితే 70 సరిసంఖ్య, 70 ప్రధాన సంఖ్య కాదు అంటూ ఓ జాబితా వస్తుంది. అవి చదివి వినిపిస్తే వెనక బెంచీలు నిద్రపోతాయి. సరిసంఖ్య కావడం ఏం గొప్ప, రెండింటికొకటి సరిసంఖ్యే కదా. ప్రకాశం బ్యారేజీకి గేట్లు 70 అని కూడా చెప్పకు. 2024 వరదలో 70 గేట్లూ ఎత్తేసిన రోజు నేను గుండె చిక్కబట్టుకుని కూర్చున్న మాట నిజమే కానీ, అది కృష్ణమ్మ కథ, లెక్క కథ కాదు.

కాగితం తీసుకుని 70కి కారణాంకాలు, అంటే దాన్ని శేషం లేకుండా భాగించేవి, రాయి. 70ని వదిలేస్తే 1, 2, 5, 7, 10, 14, 35. కూడితే 74. అంటే అసలు కంటే 4 ఎక్కువ. ఇక్కడే ఆగి ఒక ప్రశ్న వేసుకో. వీటిలో కొన్నింటిని ఏరి, ఒక్కోదాన్ని ఒక్కసారే వాడి, సరిగ్గా 70 చేయగలమా?

నీ పర్సులో ఈ విలువల నోట్లు ఒక్కొక్కటే ఉన్నాయనుకో. (14 రూపాయల నోటు ఏ ప్రభుత్వం వేస్తుందని అడక్కు.) గుంటూరు బస్సెక్కావు, టికెట్టు 70. కండక్టరు సంగతి తెలిసిందే, చిల్లర లేదంటాడు. ఏ నోట్లు ఇవ్వాలా అని వెతికితే చాలాసేపు పడుతుంది. పర్సులో ఏవి మిగలాలో వెతుకు. ఉన్నవి 74, ఇవ్వాల్సింది 70, కాబట్టి 4 మిగలాలి. 5 గానీ అంతకంటే పెద్ద నోటు గానీ మిగలడానికి వీల్లేదు. ఇక ఉన్నవి 1, 2. రెండూ కలిపినా 3. అయిపోయింది, కుదరదు!

డబ్బు ఎక్కువే ఉంది, సరిపడా చిల్లర మాత్రం కుదరదు. ఇలాంటి వాటికి 1970లలో వింత సంఖ్యలని పేరు పెట్టారు. వాటన్నిటిలో చిన్నది 70.

చిన్నదని నేనన్నాను కదా అని నమ్మేయకు. నీ పది నిమిషాల్లో ఎక్కువ భాగం దీనికే ఇవ్వు. 70 కంటే చిన్నవాటిలో, ఇలాగే ఆ సంఖ్యని వదిలేసి కూడిన కారణాంకాల మొత్తం అసలు కంటే ఎక్కువయ్యేవి పదమూడే: 12, 18, 20, 24, 30, 36, 40, 42, 48, 54, 56, 60, 66. ఒక్కోదానికీ తంటాలు పడక్కర్లేదు. పదింటిని 6 భాగిస్తుంది. 6తో పోయే ఏ సంఖ్యకైనా దాని సగం, మూడో వంతు, ఆరో వంతు కలిపితే అదే సంఖ్య వస్తుంది. ఒక్క దెబ్బకి పదీ పోయాయి. మిగిలినవి 20, 40, 56. మొదటిది 10+5+4+1, దాన్ని రెట్టిస్తే 40. పోతే 56, అది 28కి రెట్టింపు. 28 సంగతి నువ్వే చూడు, దాని కారణాంకాలు కూడితే ఏమొస్తుందో చూశాక నీకే నవ్వొస్తుంది.

ఇంకో జాగ్రత్త. "లేదు" అనే మాట లెక్కల్లో ఊరికే వాడకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బేసి సంఖ్యకి కారణాంకాల మొత్తం ఎప్పుడూ అసలు కంటే తక్కువేనని తొమ్మిదో తరగతిలో ధీమాగా చెప్పేశాను. వందదాకా చూసిన ధైర్యం అది. వారం తిరక్కుండా ఒక పిల్లవాడు 945 పట్టుకొచ్చాడు. కూడితే 975! క్లాసంతా నా మొహం చూస్తోంది. తప్పయిందని బోర్డు మీద రాశాను. ఆ 945 కూడా వింత సంఖ్యేమో అనుకునేవు. కాదు, మిగలాల్సిన 30ని 21, 9 తీర్చేస్తాయి. బేసి వింత సంఖ్య ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. దొరకలేదు అని చెప్పు, లేదు అని చెప్పకు.

టైముంటే బత్తాయిల సంగతి చెప్పు. చిన్నప్పుడు నిన్ను వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్టుకి తీసుకెళ్తే పళ్ళ గుట్టల దగ్గర నిలబడిపోయేదానివి. పైన ఒక కాయ, కింద 4, దాని కింద 9, ఇలా 24 వరసలు పేర్చితే మొత్తం 4900 కాయలు. ఆ గుట్ట కూలదోసి నేల మీద చదరంగా పరిస్తే సరిగ్గా 70 వరసలు, వరసకి 70. ఒక్క కాయ మాత్రమే ఉన్న గుట్టని పక్కన పెడితే, ఇలా చదరంగా సర్దుకునే గుట్ట మరొకటి లేదు. ఇక్కడ మాత్రం "లేదు" అనొచ్చు. 1875లో ల్యూకా అనే ఫ్రెంచి ఆయన అడిగిన ప్రశ్నకి 1918లో వాట్సన్ నిరూపణ ఇచ్చాడు.

ఎనిమిది మందిలో నలుగురిని ఎంచుకునే విధాలు కూడా 70. అది ఒక్క వాక్యంలో దాటేయి.

చివర్లో మాటల కంటే టేపు నయం. బోర్డు మీద 70 సెంటీమీటర్ల చదరం గీసి, మూల నుంచి మూలకి కొలవమని ఎవరినైనా పిలువు. 99 వస్తుంది. నిజానికి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు తక్కువ, అది మీ టేపుకి అందదు. ఎందుకంటే 99 వర్గం 9801, 70 వర్గానికి రెట్టింపు 9800. ఒక్కటే తేడా. ఇలా ఒక్కటి తేడాతో నిలిచే జంటలని కలిపి కొత్త జంటలు పుట్టించే పద్ధతి బ్రహ్మగుప్తుడు 628 నాటికే ఇచ్చాడు. 3, 2తో మొదలుపెడితే 17, 12 వస్తాయి, ఆ తర్వాత మన 99, 70.

70 తర్వాత వచ్చే వింత సంఖ్య ఏదని ఎవరో ఒకరు అడుగుతారు. 836. దాని కారణాంకాలు నేను రాయను. పర్సులో 8 మిగలాలి, అక్కడి నుంచి నువ్వు చూసుకో. అమ్మమ్మ సున్నుండలు కట్టింది, మీ నాన్న ఆదివారం వస్తే ఇచ్చి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య