గాలి సస్పెన్షన్ మార్పించబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

రాత్రి సరిగ్గానే నిలిపిన మెర్సిడెస్ తెల్లవారేసరికి ముందు ఎడమ పక్కకు కుంగిపోతోందనీ, షెడ్డులో గాలి నింపే కంప్రెసర్ మార్చాలన్నారనీ రాశావు. వెంటనే సరేననవద్దు. 2005 నుంచి 2013 వరకు తయారైన తరానికి చెందిన నీ ఎస్-క్లాస్‌లో బరువు మోసేది ఉక్కు స్ప్రింగు కాదు, చక్రాల దగ్గరుండే రబ్బరు సంచుల్లోని గాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు మడత పడే చోట సన్నని బీటలు వారుతుంది. కారిపోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ పదే పదే తిరిగి, వేడెక్కి, చివరకు కాలిపోతుంది. లీకును అలాగే ఉంచి కొత్తది బిగిస్తే దానికీ అదే గతి పడుతుంది. నా పాత కారు విషయంలో నేనూ ఇదే పొరపాటు చేసి, ఏడాది తిరగకుండా రెండు కంప్రెసర్లకు డబ్బు కట్టాను. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ మాట ఎత్తుతూనే ఉంటుంది.

ముందుగా రాత్రి బండి ఆపగానే నాలుగు చక్రాల దగ్గరా నేల నుంచి చక్రం పైనుండే రేకు, అంటే ఫెండర్ అంచు వరకు టేపుతో కొలిచి, ఉదయం మళ్లీ కొలువు. ఒక మూలే దిగితే అక్కడి స్ట్రట్‌నో (గాలి సంచీ, షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే భాగం), దానికి వెళ్లే గొట్టాన్నో అనుమానించాలి. ఒకటికి మించి దిగితే నాలుగు మూలలకూ గాలిని పంచే వాల్వ్ బ్లాకునూ చూడమను. ఆ తరువాత గాలి నిండి ఉండగానే అతుకుల మీద సబ్బు నీళ్లు పూయిస్తే బుడగలే చోటు చూపిస్తాయి. స్ట్రట్ మీద దుమ్ము తొడుగు ఉంటే దాన్ని జరిపి చూడాలి, లేకపోతే బీట దాని వెనకే దాక్కుంటుంది.

ముందు రెండు స్ట్రట్‌లూ ఒకే వయసువి కనుక వీలైతే రెండూ మార్పించు. తుక్కు బండి నుంచి తీసినవి ఎంత చవకైనా తీసుకోవద్దు, ఆ రబ్బరు వయసూ నీ రబ్బరు వయసే. మామూలు స్ప్రింగులు వేసే కిట్లూ దొరుకుతాయి. ఖర్చు తగ్గుతుంది కానీ, ఆ కారును కొన్నదే ఆ మెత్తదనం కోసమైనప్పుడు నాకైతే మనసొప్పదు.

పని జరిగేటప్పుడు నువ్వు దగ్గర ఉండు. గాలి మీద నిలిచిన కారు చెప్పకుండా కూలబడుతుంది కనుక, గట్టి స్టాండ్లు పెట్టకుండా ఎవరినీ కిందికి దూరనివ్వకు. అన్నిటికన్నా ముఖ్యమైనది, కొత్త స్ట్రట్ బిగించాక అందులో గాలి నింపకుండా బండి బరువును దాని మీద దించకూడదు. ఖాళీ సంచి అడ్డదిడ్డంగా మడతపడి, కొత్తదే అయినా చిరిగిపోతుంది. సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులను కారు తన మామూలు ఎత్తులో నిలిచినప్పుడే చివరిగా బిగించాలి. కంప్రెసర్ కూడా పోయిందని తేలితే దానికి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చు లాంటి రిలేను తప్పక మార్పించు, ఎందుకంటే పాత రిలే అతుక్కుపోతే కంప్రెసర్ ఆగదు. ఆపైన కంప్యూటర్‌తో ఎత్తు సరిచేయించి, వీల్ అలైన్‌మెంట్ చేయించు.

అంతవరకు కుంగిన బండిని నడపవద్దు. టైరు ఫెండర్‌ను రాసుకుంటుంది, స్పీడ్ బ్రేకర్ దగ్గర అడుగు భాగమే తగులుతుంది. ఫ్లాట్‌బెడ్ బండి మీద షెడ్డుకు చేర్పించు. తిరిగి తెచ్చుకున్నాక వారం రోజులు రాత్రీ ఉదయం టేపుతో కొలిచి, ఆ అంకెలు నాకు రాసి పంపు.

ఇట్లు,
నీ మేనమామ