ఆ చీరల్లో సగం మీ తోటికోడలివి

ప్రశ్న: నా వయసు 54. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మావారికి రొయ్యల చెరువులున్నాయి. అబ్బాయి హైదరాబాద్‌లో, అమ్మాయి అమెరికాలో స్థిరపడ్డారు. మా అత్తగారు పోయాక కొన్నాళ్ళు అమ్మాయి దగ్గర ఉండి వచ్చాను. అక్కడ ముక్కలు కలిపి కుట్టిన క్విల్టు చూసి ముచ్చటపడి, ఇంటికొచ్చాక ఫోన్‌లో వీడియోలు చూస్తూ నేర్చుకున్నాను. మా అత్తగారి పాత నేతచీరలతో మొదలుపెట్టాను. ఇప్పుడు అదే లోకమైపోయింది. ఇదివరకు లేసు అల్లేదాన్ని. ధనుర్మాసంలో రామాలయంలో తిరుప్పావై పాడేదాన్ని. పెరట్లో కనకాంబరాలు పెంచేదాన్ని, నవలలు చదివేదాన్ని. అన్నీ పోయాయి. పొద్దున్నే కత్తెర పట్టుకుంటే మధ్యాహ్నం రెండింటిదాకా అన్నం సంగతి గుర్తుండదు. మావారు విసుక్కుంటున్నారు. పక్కింట్లోనే ఉండే మా తోటికోడలితో రెండేళ్ళుగా మాటల్లేవు, అది వేరే విషయం లెండి. అన్నదమ్ములిద్దరూ బాగానే ఉంటారు. అత్తగారి పెద్దకర్మనాడు నేను ఆవిడ చీరల పెట్టె తెచ్చుకుంటుంటే, 'మంచాన ఉన్నప్పుడు కనబడనివాళ్ళు పెట్టె దగ్గరికి మాత్రం ముందొచ్చారు' అని పదిమందిలో అంది. పెద్దకోడలిని, తెచ్చుకోకూడదా? ఆ మాట అన్నది తను, ముందు నేనెందుకు పలకరించాలి? సరే, నేను అడిగేది ఏమిటంటే, ఒక్కో హాబీకి ఒక్కో రోజు కేటాయించుకోమంటారా? ఒకదాని మీదే ఇంత పిచ్చి ఉండటం ఏమైనా మానసిక జబ్బా?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: జబ్బు కాదమ్మా. సోమవారం లేసు, మంగళవారం పాటలు అని టైంటేబుల్ వేసుకోవడానికి మీరేమీ పదో తరగతి పిల్ల కాదు. చేతికి కొత్త పని దొరికినప్పుడు పాతవి కొన్నాళ్ళు వెనకబడతాయి. అందుకు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఇక మీవారి అన్నం సంగతి. పొద్దున్నే వండి మూతపెట్టేస్తే వడ్డించుకుని తినడం ఆయనకి చేతకాని పనా? అర్ధరాత్రి కరెంటు పోతే చెరువు గట్టుకి పరిగెత్తి, రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు చూసుకునే మనిషి గరిటె పట్టుకోలేరా? ఆ టెన్షన్ మీరు పెట్టుకోకండి.

నేను మళ్ళీ మళ్ళీ చదివింది 'అది వేరే విషయం లెండి' అన్న ముక్క. వేరే విషయమైతే లేసూ పాటలూ పూలూ అన్నీ కలిపి రాసినదానికంటే దాని గురించే ఎక్కువ ఎందుకు రాశారు? మీరు మానేసినవి ఏవేవో మీరే ఒకసారి చూసుకోండి.

లేసు పని ఎలా జరుగుతుందో మీవైపు వాళ్ళకి నేను చెప్పాలా! 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన దగ్గర్నుంచి నరసాపురం చుట్టుపక్కల అది అరుగు మీద కూర్చుని చేసే పనే. ఒకరు చేతిపనిగా పువ్వులు అల్లి పడేస్తుంటే ఇంకొకరు అతుకుపని చేస్తారు. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మీ అరుగు మీద అతుకుపని ఎవరు చేసేవారో మీరు రాయలేదు, నేను ఊహించగలను. ధనుర్మాసం చలిలో తెల్లవారకముందే గుడికి ఎవరిని తోడు పెట్టుకుని వెళ్ళేవారు? మీ పెరట్లో పూసిన కనకాంబరాల్లో ఒక మూర గోడ అవతలికి వెళ్ళేదా, లేదా? నా ఊహ తప్పయితే మళ్ళీ రాయండి. నాకు మాత్రం, బొంతలు వచ్చి మిగతావాటిని తోసేశాయని అనిపించడం లేదు. ఆ పనులన్నిట్లోనూ పక్కన ఒక మనిషి ఉండేది. మనిషితో మాటలు పోయాయి, పనులూ పోయాయి. తలుపేసుకుని ఒక్కరే చేసుకోగలిగేది ఇదొక్కటే దొరికింది.

నిజానికి అది కూడా ఒక్కరి పని కాదు. మన ఇళ్ళల్లో బొంత కుట్టాలంటే నాలుగైదు నూలు చీరలు ఒకదానిమీద ఒకటి పరిచేవారు. ముడత లేకుండా లాగి, నాలుగు మూలలా పొత్రమో పీటో బరువు పెట్టి, పెద్ద పెద్ద కుట్లతో ముందు కదలకుండా చేసుకుని, చెరో అంచున ఒకరు కూర్చుని నడుమకి కుట్టుకుంటూ వచ్చేవారు. మీ అమ్మాయి ఉన్న దేశంలోనూ పూర్వం అంతే. క్విల్టుని చెక్క చట్రానికి బిగించి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా చుట్టూ చేరి కబుర్లు చెప్పుకుంటూ కుట్టేవారట. పావంగుళం వదిలి కుట్టడం దగ్గర్నుంచి అంచు పట్టీ వెయ్యడం దాకా ఫోన్ చూసి ఒంటిచేత్తో నేర్చుకున్నారంటే మీ పట్టుదల నాకు నచ్చింది. కానీ ఆ పట్టుదలలో సగం గోడ అవతలి మనిషికి వినబడాలని తిప్పిన కుట్టుమిషనే అని నా అనుమానం.

ఇప్పుడు ఆ పెట్టె సంగతి. మీకు కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు.

పెద్దకోడలికి కొన్ని హక్కులు ఉంటాయి, కాదనను. కానీ మంచాన పడ్డ మనిషికి చేసినవాళ్ళ హక్కు వాటికంటే పైది. మంచంలో ఉన్న మనిషికి రోజుకి ఎన్నిసార్లు బట్ట మార్చాలో, పక్కకింద ఎన్ని పాతచీరలు చింపి వెయ్యాలో చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఆ చీరల్లో ఏది ఎంత మెత్తనో, ఏ అంచు ఎక్కడ పోగు లేచిందో మీ తోటికోడలి చేతులకి తెలిసినంతగా మీకు తెలియదు. మీరు వాటిని కత్తిరించేటప్పుడు చూశారు, ఆవిడ ఉతికేటప్పుడు చూసింది. మీకూ కారణాలుండి ఉంటాయి. పిల్లల చదువులు, మీ ఆరోగ్యం, ఏవో. కానీ ఉత్తరంలో ఒక్క కారణమూ రాయలేదు, 'పెద్దకోడలిని' అని మాత్రం రాశారు. పెట్టె తెచ్చుకోవడానికి అక్కరకొచ్చిన పెద్దరికం పక్కింటి గడప ఎక్కడానికి అడ్డమొచ్చిందా?

ఆవిడ అన్నమాట తప్పే. కర్మ జరిగే ఇంట్లో, బంధువుల ముందు, అలా అనకూడదు. మీరు అప్పుడు పడ్డ అవమానం చిన్నదని నేను అనడం లేదు. కానీ పదిమందిలో అన్నందుకు మీకు కోపమా, అన్నది నిజమైనందుకా? పదిమందిలో అన్నందుకే అయితే ఆ పదిమందీ ఎప్పుడో మరిచిపోయి వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నారు. అన్నదమ్ములు చెరువు గట్టు మీద కలిసి టీ తాగుతూనే ఉన్నారు. ఆస్తులు పంచుకున్న మగవాళ్ళకి లేని పగ చీరలు పంచుకోని ఆడవాళ్ళకి ఎందుకు?

కాబట్టి ముందు ఆ పెట్టెలో చీరల్ని కత్తిరించడం ఈరోజే ఆపండి. చెయ్యి ఊరుకోకపోతే మీ ఊళ్ళో టైలర్ దగ్గర జాకెట్టు ముక్కలు దొరుకుతాయి, వాటితో కుట్టుకోండి. మిగిలిన చీరలన్నీ మడతపెట్టి, ఆవిడ పనులు తెమిలే మధ్యాహ్నం వేళ పెట్టె పట్టుకుని మీరే వెళ్ళండి. పనిమనిషితో పంపకండి, మీవారిని మధ్యలో పెట్టకండి. 'నీకు కావలసినవి తీసుకో, మిగిలితే నాకియ్యి' అనండి. ఈ క్రమంలోనే అనండి. ముందు మంచివి మీరు తీసి పెట్టుకుని మిగిలినవి పట్టుకెళ్తే వెళ్ళకపోవడమే నయం, ఏ బండారులంక చీర తగ్గిందో ఆవిడకి మూత తీయగానే తెలిసిపోతుంది. ఇప్పటికే కత్తిరించినవి ఎన్నో దాచకుండా చెప్పండి.

ఒక్క జాగ్రత్త. మీరు కుట్టిన బొంత ఒకటి కానుకగా పట్టుకెళ్ళాలని అనిపిస్తుంది. వద్దు. అడగకుండా కోసిన చీరల్ని అందంగా కుట్టి చేతిలో పెడితే ఆవిడకి ఎలా ఉంటుందో ఆలోచించండి. తనంతట తను చూపించమంటే చూపించండి.

ఆవిడ తలుపు తీసి రెండు మాటలు అంటుంది. రెండేళ్ళుగా దాచుకున్నవి, అననివ్వండి. జవాబుగా మీ వైపు లెక్కలు విప్పకండి. అంతమాత్రాన కాళ్ళబేరానికి వెళ్ళమని కాదు. మళ్ళీ పదిమందిని పోగేసి పంచాయితీ పెడతానంటే మాత్రం పెట్టె అక్కడ పెట్టేసి ఇంటికి వచ్చెయ్యండి. మీరు చెయ్యవలసింది మీరు చేసినట్టే. మొదటిసారికే అరుగు మీద లేసు పని మొదలైపోతుందని కూడా ఆశపడకండి. వచ్చే ధనుర్మాసానికి గుళ్ళో ఒకరి పక్కన ఒకరు నిలబడి పాడగలిగితే అదే చాలా ఎక్కువ.

మీరు చెప్పినవాటిలో నవలలు మాత్రం ఈ లెక్కలోకి రావు, చదవడానికి తోటికోడలు అక్కర్లేదు కదా. రోజంతా తెల్లచీర మీద తెల్లదారంతో కుడుతూ, సాయంత్రం పుస్తకం తీస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయేమో చూసుకోండి. కళ్ళజోడు నంబరు చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు? భీమవరమో పాలకొల్లో, ఎక్కడైనా సరే, ఈ వారంలో కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.