పెలెట్ బర్నర్ పొగ వదులుతుంటే మోటారు కంటే ముందు బూడిదను చూడండి

దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్ మెస్ నడుపుతున్న మీరు రాసిన సమస్య ఇది. వేసవిలో గ్యాస్ ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టించిన పెలెట్ బర్నర్, అంటే రంపపు పొట్టునో పంట వ్యర్థాన్నో నొక్కి చేసిన చిన్న గుళికలను కాల్చే పొయ్యి, మొదట చక్కగా మండింది. వానలు మొదలైన తరువాత అది పొగ వదులుతోంది, మంట మండే గిన్నె అడుగున రాళ్లవంటి పెళ్లలు కడుతున్నాయి, పెలెట్లను గిన్నెలోకి నెట్టే స్క్రూ మధ్యమధ్యలో తిరగడం ఆగిపోతోంది. మెకానిక్ ఆ స్క్రూను తిప్పే గేరు మోటారు మార్చమంటున్నారు. ఊరి నుంచి వచ్చే మక్కలను, అంటే మొక్కజొన్న గింజలను, పెలెట్లతో కలిపి కాల్చవచ్చా అని కూడా మీరు అడిగారు.

ఉప్పల్ వైపు మా ఇంటి వెనుక షెడ్డులో వంటలు చేసి పెళ్లిళ్లకూ ఆఫీసులకూ పంపడం మా పని. పెలెట్లు పోసే హాపర్, స్క్రూ, గాలి ఊదే బ్లోయర్ ఉన్న ఇటువంటి బర్నర్‌నే మేము కొన్నేళ్లుగా వాడుతున్నాము. ఆ అనుభవంతో చెబుతున్నాను, మోటారు ఇప్పుడే మార్చవద్దు. పొగ, పెళ్లలు, స్క్రూ ఆగిపోవడం, ఈ మూడూ ఒకే కాలంలో మొదలయ్యాయంటే మూడింటికీ మూలం ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ. వానకాలంలో ఆ మూలం చాలావరకు పెలెట్ బస్తాలోనే ఉంటుంది.

మొదట బర్నర్ ఆపి, పూర్తిగా చల్లారిన తరువాత గిన్నెలోని పెళ్లను బయటికి తీసి పగలగొట్టి చూడండి. అది గాజులా మెరుస్తూ, కొడితే గట్టిగా మోగి విరిగితే బూడిద కరిగి గడ్డకట్టిందన్నమాట. బాయిలర్ల దగ్గర పనిచేసేవారు దీనినే క్లింకర్ అంటారు. అలా కాకుండా చేతితో నలిపితే నల్లగా పొడి అయితే అది సగం కాలిన బొగ్గు, అంటే గాలి చాలడం లేదు. బూడిద తెల్లగా, లేత బూడిద రంగులో, ఊదితే ఎగిరిపోయేంత మెత్తగా ఉంటే మంటలో దోషం లేదని నిశ్చింతగా ఉండవచ్చు. మీరు రాళ్లవంటివి అన్నారు కాబట్టి మొదటి రకమే అనుకుంటున్నాను, అయినా కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి, ఎందుకంటే రెండింటికీ చికిత్స వేరు.

క్లింకర్ ఎందుకు కడుతుందో తెలిస్తే సగం పని అయినట్లే. పెలెట్లన్నీ చూడటానికి ఒకేలా ఉన్నా వాటిని దేనితో చేశారన్నదే అసలు విషయం. బెరడు లేని శుభ్రమైన రంపపు పొట్టుతో చేసిన పెలెట్లలో బూడిద సుమారు 1 శాతం మాత్రమే ఉంటుంది. వరి ఊకలో అది 15 నుంచి 20 శాతం వరకు ఉంటుంది, ఆ బూడిదలో అధికభాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. పల్లి పొట్టు, పత్తి కట్టె, ఇతర పంట వ్యర్థాలలో పొటాషియం ఎక్కువ, పైగా పొలం మట్టి అంటుకుని వస్తుంది. ఇసుకను క్షారంతో కలిపి కాల్చితే తక్కువ వేడికే కరిగి గాజు అవుతుందన్నది గాజు పరిశ్రమకు ఆధారమైన విషయం. మీ గిన్నెలోనూ సిలికాకు పొటాషియం అనే క్షారం తోడై సరిగ్గా అదే జరుగుతోంది. నిప్పుల మధ్య వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరుతుంది, ఇటువంటి మిశ్రమపు బూడిద అంతకంటే ముందే మెత్తబడి అంటుకుపోతుంది. అలా కరిగినది అడుగున జాలీ రంధ్రాలను పూడ్చేస్తుంది, గాలి తగ్గుతుంది, గాలి తగ్గగానే పొగ మొదలవుతుంది. మీకు కనబడుతున్న వరుస ఇదేనని నా నమ్మకం.

సరఫరాదారుడు మిమ్మల్ని మోసం చేస్తున్నాడని అనుకోనవసరం లేదు. కోత మిల్లుల నుంచి పొట్టు దొరికినప్పుడు పొట్టుతో, అది తగ్గినప్పుడు దొరికిన వ్యర్థంతో పెలెట్లు చేయడం ఈ వ్యాపారంలో మామూలే. కానీ బస్తా మీద ఏమీ రాసి ఉండదు కాబట్టి పరీక్ష మనమే చేసుకోవాలి. కూరగాయలు తూచే త్రాసులో ఐదు కిలోల పెలెట్లు తూచి, శుభ్రం చేసిన గిన్నెలో వాటిని మాత్రమే పూర్తిగా కాల్చి, చల్లారిన బూడిదనంతా తీసి తూచండి. యాభై, వంద గ్రాములు వస్తే మంచి సరుకు. అర కిలో, అంతకంటే ఎక్కువ వస్తే మీ బర్నర్ ఎంత మంచిదైనా రోజూ మొరాయిస్తూనే ఉంటుంది. కొత్త లోడు దించుకునే ముందు ఈ పరీక్ష చేయడం మాకు నియమం, దానికి ఒప్పుకోని సరఫరాదారుడి దగ్గర మేము కొనము. రోజుకు వంద కిలోలు కాల్చే వంటగదిలో ఒక శాతం బూడిద అంటే కిలో, పదిహేను శాతమంటే పదిహేను కిలోలు. గిన్నె ఊడ్చే మనిషికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక తేమ. పెలెట్‌ను కలిపి ఉంచేది జిగురు కాదు, మిల్లు ఒత్తిడికీ వేడికీ మెత్తబడిన లిగ్నిన్ అనే చెట్టులోని పదార్థమే. అందుకే నీటి చుక్క తగిలితే చాలు, పెలెట్ ఉబ్బి పొడిపొడి అవుతుంది. మంచి పెలెట్‌లో తేమ 10 శాతం లోపు ఉండాలి. గోరుతో వంచితే టక్కున విరగాలి, వంగి నలగకూడదు. నీటిలో వేస్తే మునగాలి, తరువాత అది విచ్చుకుపోవడం సహజం, దానికి కంగారు పడవద్దు. కిలో నీటిని ఆవిరి చేయడానికే సుమారు 600 కిలో క్యాలరీల వేడి పోతుంది కాబట్టి తడిసిన పెలెట్ తనను తాను ఆరబెట్టుకోవడానికే మండుతుంది, గుండిగకు తగలవలసిన వేడి పొగగొట్టంలో పోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మన నగరపు గాలిలో ఉండే చెమ్మ చాలు, బస్తా మూతి విప్పి వంటగది నేల మీద వదిలేస్తే అడుగు బస్తాలు పాడవడానికి. బస్తాలను చెక్క బల్లల మీద, గోడకు జానెడు దూరంలో పేర్చండి, అన్నం గంజులు వార్చే వైపు అసలు పెట్టవద్దు. రాత్రి పని అయిన తరువాత హాపర్‌లో మిగిలిన పెలెట్లను తీసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయడం కొంచెం శ్రమే అయినా వానకాలంలో దాన్ని తప్పించుకోవడం కుదరదు.

మీ స్క్రూ ఆగిపోవడానికి కూడా కారణం చాలావరకు ఇదే. విరిగిన పొడి స్క్రూకూ గొట్టానికీ మధ్య దిమ్మిసకొట్టినట్లు బిగుసుకుపోతుంది, దానిని నెట్టలేక మోటారు గురగురలాడి వేడెక్కుతుంది. ప్లగ్ తీసివేసి, హాపర్ ఖాళీ చేసి, స్క్రూ బయటికి లాగి, గొట్టం లోపల పొడిని గీకి, రాయి, మేకు, బస్తా కుట్టిన సుతిలి ముక్క ఏదైనా చుట్టుకుందేమో చూడండి. తరువాత స్క్రూ లేకుండా మోటారును ఒంటరిగా తిప్పి చూడండి. శబ్దం లేకుండా, ఆగకుండా తిరిగితే మోటారు బాగున్నట్లే, దానికి డబ్బు పెట్టవద్దు. అప్పుడు కూడా ఆగిపోతేనే మార్చండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మోటార్లు, బేరింగులు అమ్మే దుకాణాలు వరుసగా ఉన్నాయి, పాతదాన్ని వెంట తీసుకువెళ్లి అదే వేగం, అదే ఇరుసు మందం ఉన్నది అడగండి. వేగం ఎక్కువైనది బిగిస్తే పెలెట్లు అవసరానికి మించి పడి మళ్లీ పొగ మొదలవుతుంది. స్క్రూ గొట్టంలో నూనె మాత్రం వేయవద్దు, పొడి దానికి అంటుకుని ఇంకా గట్టిపడుతుంది. పెలెట్లను హాపర్‌లో పోసేటప్పుడు జల్లెడ పట్టి పోస్తే ఈ బాధ చాలావరకు రాదు.

గాలి విషయంలో ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే సర్దుబాటు సులువవుతుంది. కట్టెలోగానీ పెలెట్‌లోగానీ బరువులో 70 శాతానికి పైగా వేడికి ఆవిరై వాయువుగా బయటికి వస్తుంది, మిగిలినదే బొగ్గు. అడుగు రంధ్రాల గాలి ఆ బొగ్గును మండిస్తుంది, గిన్నె పైఅంచున ఉన్న రంధ్రాల గాలి ఆ వాయువును మండిస్తుంది. పై రంధ్రాలు మూసుకుపోతే మండని వాయువే పొగగా, గుండిగ అడుగున మసిగా కనబడుతుంది. కాబట్టి వారానికి ఒకసారి ప్రతి రంధ్రంలోనూ సరిపడే ఇనుప చువ్వ పెట్టి తుడవండి. బ్లోయర్ రెక్కలను కూడా విప్పి చూడండి; వంటగదిలో నూనె ఆవిరి, పిండి దుమ్ము కలిసి రెక్కల మీద పొరగా పేరుకుంటాయి, బయటికి బ్లోయర్ హోరు మామూలుగానే వినిపించినా గాలి సగమే వస్తుంది. సాయంత్రం ఓల్టేజీ పడిపోయినప్పుడు, కెపాసిటర్ బలహీనమైనప్పుడు కూడా ఇదే లక్షణం ఉంటుంది. పొగ సాయంత్రం మాత్రమే వస్తోందా, రోజంతా వస్తోందా అన్నది గమనిస్తే ఓల్టేజీ లోపాన్ని మిగతా వాటి నుంచి వేరు చేయవచ్చు.

మంట ఎర్రగా, పొడవుగా, నీరసంగా ఊగుతుంటే గాలి తక్కువ లేదా పెలెట్ ఎక్కువ. తెల్లటి పసుపు రంగులో కురచగా, చురుకుగా ఉంటే సరైన మంట. నిప్పురవ్వలు ఎగిరి, పెలెట్లు గిన్నె నుంచి చిందుతుంటే గాలి ఎక్కువ. సరిచేసేటప్పుడు మొదట పెలెట్ పడే వేగం తగ్గించండి, పది నిమిషాలు ఆగి ఫలితం చూడండి, ఆ తరువాతే గాలి ముట్టుకోండి. రెండింటినీ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. ఇంకొక మాట: పెలెట్ తగ్గించి మంటను కొంచెం చల్లబరిస్తే క్లింకర్ కట్టడం కూడా తగ్గుతుంది, ఈ లోడు అయిపోయేవరకు మీకు అదే తాత్కాలిక ఉపాయం.

మక్కల ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతున్నాను, మీ బర్నర్‌లో గింజలు కాల్చవద్దు. అమెరికాలో మొక్కజొన్న బాగా పండే అయోవా, మిన్నెసోటా వంటి రాష్ట్రాలలో చలికాలం ఇల్లంతటినీ వేడి చేయడానికి మక్క గింజలు కాల్చే కొలుములు ఉన్నాయి, అక్కడ మా తమ్ముడి ఇంటి కింది అంతస్తులో ఒకటి చూశాను. కానీ ఆ యంత్రాల గిన్నెలో నిప్పును నిరంతరం కలుపుతూ క్లింకర్‌ను విరిచే కడ్డీ ఉంటుంది, ఎందుకంటే మక్క బూడిదలో పొటాషియం, భాస్వరం ఎక్కువ, అది త్వరగా గడ్డకడుతుంది. అక్కడివారు గింజలలో తేమ 15 శాతం కంటే తక్కువ ఉండేలా చూస్తారు, మంట అంటుకోవడానికి ముందు కట్టె పెలెట్లు వేస్తారు, క్లింకర్ తగ్గడానికి ఆల్చిప్పల పొడి కలుపుతారు. దాని పొగ కట్టె పొగ కంటే ఇనుమును ఎక్కువగా తింటుంది కాబట్టి మక్కకు తగిన స్టెయిన్‌లెస్ గొట్టాలే వాడతారు. కలిపే కడ్డీ లేని మన బర్నర్‌లో ఇవన్నీ పాటించడం సాధ్యం కాదు. పైగా 2025-26కు మక్కల మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు, అంటే కిలోకు 24. అంత ధర పలికే గింజను, కోళ్లకూ పశువులకూ మేతయ్యే గింజను, పొయ్యిలో వేయడం లెక్కకూ నిలవదు, నా మనసుకూ ఒప్పదు. గింజలు ఒలిచిన తరువాత మిగిలే బెండ్లు మీ ఊళ్లో పొలం గట్టున పడి ఉంటే వాటిని ఎండబెట్టి తెప్పించుకోండి. అయితే అవి తేలిక, హాపర్‌లో ఒకదానికొకటి అడ్డుపడి స్క్రూ దాకా దిగవు, కాబట్టి బయట మామూలు కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచుకోవడానికే వాడుకోండి. బూజు పట్టినవి ఉంటే ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా ముట్టుకోవద్దు.

భద్రత గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మీ వంటగది పైన పిల్లలు నిద్రపోతున్నారు. కరెంటు పోయి బ్లోయర్ ఆగితే గిన్నెలోని నిప్పు చావదు, పొగలు కక్కుతూ స్క్రూ గొట్టంలోని పెలెట్ల గుండా మెల్లగా వెనక్కి, హాపర్ వైపు పాకుతుంది. బ్లోయర్‌కూ గేరు మోటారుకూ కలిపి చిన్న ఇన్వర్టర్ పెట్టించండి, హాపర్ మూత చుట్టూ రబ్బరు సీలు చినిగితే ఆ రోజే మార్చండి. గాలి చాలక రగిలే నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు, వాసన ఉండవు. వానజల్లు కొడుతోందని కిటికీలు మూసి బర్నర్ నడపడం ప్రాణాంతకం. పొగగొట్టం పైన వాన టోపీ ఉండాలి, వంపుల దగ్గర బూడిద పేరుకోకుండా నెలకొకసారి తట్టి దులపాలి. తీసిన బూడిదను మూత ఉన్న ఇనుప డ్రమ్ములో, ఆరుబయట, కనీసం ఒక పూర్తి రోజు ఉంచిన తరువాతే చెత్త ఆటోలో వేయండి, లోపల నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది.

గ్యాస్‌తో పోల్చి లెక్క చూసుకోవడానికి ఒక అంచనా ఇస్తాను. మంచి పెలెట్‌లో కిలోకు సుమారు 4,000 కిలో క్యాలరీల వేడి ఉంటే ఎల్‌పీజీలో సుమారు 11,000 ఉంటుంది. 19 కిలోల వాణిజ్య సిలిండరులోని వేడికి 50 కిలోలకు పైగా పెలెట్లు కావాలి, పొయ్యిలో పోయే నష్టం కలుపుకుంటే ఇంకా కొన్ని కిలోలు ఎక్కువే. మీకు అంతకంటే బాగా ఎక్కువ ఖర్చవుతుంటే పైన చెప్పిన తేమ, గాలి, బూడిదలలో ఏదో ఒకటి డబ్బు తింటోందని అర్థం.

ఈ వారం గ్యాస్ పొయ్యిని సిద్ధంగా ఉంచుకుని, గిన్నె, పై రంధ్రాలు, స్క్రూ గొట్టం శుభ్రం చేసి, వేరే చోట తెచ్చిన రెండు బస్తాల పొట్టు పెలెట్లతో మాత్రమే నడిపి చూడండి. పొగ పోతే పాత లోడు తిప్పి పంపండి. పోకపోతే ఐదు కిలోలకు వచ్చిన బూడిద బరువు, పగలగొట్టిన పెళ్ల ఫోటో, స్క్రూ లేకుండా మోటారు ఎలా తిరిగిందో ఇక్కడే రాయండి, బ్లోయర్ సంగతి అప్పుడు వివరంగా చూద్దాము.