టెక్సాస్‌లో వైద్య గంజాయికి కార్డు ఉండదు

కీమో వాంతులతో నలిగిపోతున్న మీ నాన్నగారికి డాలస్‌లో వైద్య గంజాయి కార్డు ఎక్కడ ఇస్తారని అడిగారు. టెక్సాస్‌లో అసలు కార్డే లేదండీ. డబ్బు కడితే కార్డు పంపుతామనే వెబ్‌సైట్ల జోలికి వెళ్లకండి.

ఇక్కడున్నది కంపాషనేట్ యూజ్ ప్రోగ్రామ్, అంటే కొన్ని జబ్బులకు వైద్యుడి ద్వారా గంజాయి మందు ఇప్పించే రాష్ట్ర పథకం. 2021 నుంచి అన్ని రకాల క్యాన్సర్లూ దాని కిందికి వస్తాయి. అందులో నమోదైన వైద్యుడు మందును, మోతాదును రాష్ట్ర రిజిస్ట్రీలో ఎక్కిస్తారు. లైసెన్సున్న దుకాణంలో గుర్తింపు పత్రం చూపి, ఇంటిపేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి ఐదు అంకెలు చెబితే వివరాలు వారి తెరపై కనిపిస్తాయి.

అయితే ఆయనది గ్రీన్‌కార్డు, పౌరసత్వ దరఖాస్తు నడుస్తోంది అన్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది. రాష్ట్రం అనుమతించినా, ఫెడరల్ చట్టానికి విరుద్ధమైన గంజాయి వాడకం పౌరసత్వానికి అడ్డు కావచ్చని అమెరికా ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. ఇంటర్వ్యూలో అడిగితే దాచడం ఇంకా ప్రమాదం. ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా అడుగు వేయకండి.

నేనైతే ముందు ఆంకాలజిస్టును (క్యాన్సర్ వైద్యుణ్ని) డ్రోనాబినాల్ గురించి అడుగుతాను. గంజాయిలో మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీనే ప్రయోగశాలలో తయారుచేసిన మందు అది. వాంతులు ఆపే మామూలు మందులు పనిచేయని కీమో రోగుల కోసం 1985లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని అనుమతించింది. ప్రిస్క్రిప్షన్ ఉంటే మామూలు ఫార్మసీలోనే ఇస్తారు. మైకం, తల తిరగడం ఉండవచ్చు. పెద్దాయన కదా, మొదట్లో రాత్రిళ్లు బాత్రూముకు ఒంటరిగా పంపకండి.

అన్నట్టు, టెక్సాస్‌లో కొన్న గంజాయి మందును హైదరాబాద్ ప్రయాణంలో పెట్టెలో పెట్టుకోవద్దు. అక్కడ మత్తు పదార్థాలను నిషేధించే ఎన్‌డీపీఎస్ చట్టం కింద కేసు అవుతుంది.